బ్రూజ్‌లో ఏడు గొలుసులు

మా అబ్బాయి ఉద్యోగం బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో. ఏప్రిల్‌లో మూడు వారాలు వాళ్లింట్లో ఉండి వచ్చాం. శని, ఆదివారాలు వాళ్లే తిప్పేవారు. మిగతా రోజుల్లో కొడుకూ కోడలూ ఆఫీసులకు వెళ్లిపోతే, మేమిద్దరం కిటికీ దగ్గర కూర్చుని వచ్చే ట్రాములూ పోయే ట్రాములూ లెక్కపెట్టుకునేవాళ్లం. రెండో వారానికి మాస్టారికి విసుగెత్తింది. మాస్టారంటే మా ఆయనే. ముప్పై ఆరేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. ఊరంతా మాస్టారనే పిలుస్తుంది, రాయడానికి నాకూ అదే సుఖంగా ఉంది.

"బ్రూజ్ ఇక్కడికి గంట ప్రయాణమే. మనిద్దరం వెళ్లి రాలేమా?" అన్నారు ఒక రాత్రి భోజనాల దగ్గర. అబ్బాయి మా మోకాళ్ల వైపు చూసి, "శనివారం అందరం వెళ్దాం నాన్నా" అన్నాడు. శనివారం దాకా ఆగే మనిషైతే నాకు ఇదంతా రాసే పనే ఉండేది కాదు.

గురువారం పొద్దున్నే బయలుదేరాం. టికెట్లు అబ్బాయి కొని మా ఫోనులోకి పంపాడు. కోడలు ఒక కాగితం మీద జాగ్రత్తలు రాసి నా సంచిలో పెట్టింది. మొదటిది: బోర్డు మీద బ్రూజ్ అని వెతక్కండి, బ్రుగ్గె అని చూడండి. బ్రూజ్ అనేది ఫ్రెంచి వాళ్ల పిలుపు, ఆ ఊళ్లో మాట్లాడేది డచ్చి. రెండోది: చిల్లర నాణేలు దగ్గర ఉంచుకోండి, బాత్‌రూముకు కూడా డబ్బులు అడుగుతారు. మూడోది: చీర కట్టుకున్నా సరే, బూట్లు మాత్రం వేసుకోండి అత్తయ్యా. నేత చీర కింద తెల్లటి స్పోర్ట్స్ బూట్లు వేసుకుని అద్దంలో చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. ఆ ఊళ్లో వీధులన్నీ రాళ్లు పరిచినవే. సాయంత్రానికి ఆ పిల్లకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

రైలెక్కి, మెత్తటి సీట్లు ఖాళీగా ఉన్నాయి కదా అని కూర్చున్నాం. దారిలో వచ్చే గెంట్ స్టేషన్ దగ్గర పడుతుండగా టికెట్లు చూసే ఆవిడ వచ్చి, నవ్వుతూనే తలుపు మీది 1 అంకె చూపించింది. మేం కూర్చున్నది మొదటి తరగతి పెట్టె. మాస్టారు ఇన్‌స్పెక్టర్ తరగతిలోకి వచ్చినట్టు లేచి నిలబడ్డారు. జరిమానా ఏమీ వేయకుండా పక్క పెట్టెలోకి పంపించింది, పుణ్యాత్మురాలు. బ్రస్సెల్స్ దాటేదాకా స్టేషన్ల పేర్లు రెండు భాషల్లో వినిపించాయి, దాటాక ఒక్క డచ్చిలోనే. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, బ్రుగ్గె అన్న పేరు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాం.

స్టేషన్ నుంచి ఊరి నడిబొడ్డుకు బస్సులున్నాయి. మేం చెరువు పక్క నుంచి నడిచాం. మిన్నెవాటర్ అంటారు దాన్ని. నీళ్లలో, గట్టు మీద, ఎక్కడ చూసినా హంసలే. వాటికో కథ ఉంది. 1488లో ఈ ఊరి వాళ్లు తమ పాలకుడు మాక్సిమిలియన్‌ను పట్టి బంధించి, ఆయన మనిషి పీటర్ లాంకాల్స్ తల తీయించారు. లాంకాల్స్ అనే మాట పొడుగు మెడ అన్నట్టు వినిపిస్తుంది. అందుకని, పొడుగు మెడల హంసలను కలకాలం మేపడమే మీకు శిక్ష అని మాక్సిమిలియన్ తీర్పు చెప్పాడట. కథే అనుకోండి. అయినా ఇంత అందమైన శిక్ష ఇంకే ఊరికైనా పడిందా!

చెరువు దాటగానే చిన్న వంతెన, దాని అవతల ఒక తోరణం, లోపల బెగైన్‌హోఫ్, అంటే బెగైన్లనే ఆడవాళ్లు కలిసి బతికిన చోటు. తోట చుట్టూ తెల్ల సున్నం వేసిన ఇళ్లు, మధ్యలో ఆకాశానికి సాగిన చెట్లు, వాటి కింద పచ్చటి డాఫొడిల్ పూలు. మాట్లాడవద్దని బోర్డు పెట్టారు కాబట్టి మాస్టారు అక్కడి చరిత్రంతా నా చెవిలో గుసగుసగా చెప్పవలసి వచ్చింది. 1245 నాటిది. బెగైన్లు కన్యాస్త్రీలు కారు, సంసారులూ కారు. వాళ్ల వ్రతం జీవితాంతానికి కాదు, కావాలంటే బయటికి వెళ్లి పెళ్లి చేసుకోవచ్చు. ఉన్నన్నాళ్లూ ఉన్ని పనీ బట్ట పనీ చేసుకుని తమ తిండి తాము సంపాదించుకునేవారు. ఇప్పుడు బెగైన్లు లేరు, 1927 నుంచి కన్యాస్త్రీలు ఉంటున్నారు. మగదిక్కు లేని ఆడవాళ్లకు పనీ నీడా రెండూ ఇచ్చిన చోటు ఎనిమిది వందల ఏళ్ల కిందటే ఉందంటే, ఆ తోట చుట్టూ ఇంకోసారి తిరగాలనిపించింది. తిరిగాం కూడా.

అక్కడి నుంచి కాలువల వెంట నడక. ఒక వంతెన మీద మాస్టారు ఆగారంటే పాఠం ఉందన్నమాట. 1134లో వచ్చిన పెద్ద తుపాను సముద్రపు పాయను ఊరి వైపు లోతుగా కోసిందట. జ్విన్ అని దాని పేరు. ఆ దారిన ఓడలు వచ్చాయి. ఇంగ్లండ్ నుంచి ఉన్ని వస్తే ఇక్కడ బట్ట నేసేవారు. ఇటలీ వ్యాపారులు వచ్చి స్థిరపడ్డారు. వాళ్లంతా చేరి బేరాలాడుకున్నది బేర్జె అనే కుటుంబం వాళ్ల సత్రం ముందు. షేర్ మార్కెట్‌కు యూరప్‌లో వాడే బోర్స్ అనే మాట ఆ ఇంటి పేరే. తరవాత పాయలో ఇసుక మేట వేసింది. పదిహేనో శతాబ్దం చివరికి ఓడలూ వర్తకులూ ఆంట్వెర్ప్ రేవు దారి పట్టారు. చేతిలో డబ్బు లేక ఊరు పాత ఇళ్లను కూల్చి కొత్తవి కట్టుకోలేకపోయింది. మనం ఇప్పుడు టికెట్ కొని చూస్తున్నది ఆ పేదరికాన్నే అన్నారు.

"మన మాధవాయిపాలెం సంగతే అనుకో" అని ముగించారు. నిజమే. నరసాపురం పక్కన గోదావరి ఒడ్డున ఇంగ్లిషు కంపెనీ వాళ్లు కొట్లు పెట్టిన ఊరది. అక్కడి నుంచి ఓడలెక్కిన నూలు బట్టకు మడపొల్లం అని పేరు పడింది. ఊరిని చాలా మటుకు గోదావరి కోసేసుకుపోయింది, బట్ట పేరు మాత్రం నిలిచింది. నాది ఆ పక్క పల్లే.

అవర్ లేడీ చర్చిలో మైకేలాంజెలో చెక్కిన పాలరాతి విగ్రహం ఉంది. తల్లి మేరీ, బాల యేసు. ఇక్కడి బట్టల వ్యాపారులు కొని తెచ్చుకున్నారు. ఆయన బతికుండగానే ఇటలీ దాటి వెళ్లిన పనులు చాలా తక్కువ, ఇది వాటిలో ఒకటి. 1794లో ఫ్రెంచి వాళ్లు పట్టుకుపోయారు, తిరిగొచ్చింది. 1944లో జర్మన్లు పరుపుల్లో చుట్టి లారీలో వేసుకుపోయారు. ఆస్ట్రియాలో ఒక ఉప్పు గనిలో దొరికి మళ్లీ తిరిగొచ్చింది. నేను చూసింది మాత్రం ఆ తల్లి కళ్లను. పిల్లాడు ఒళ్లోంచి జారి దిగుతున్నాడు, ఆవిడ వాడిని చూడటం లేదు. కిందికి, ఎటో చూస్తోంది. పిల్లాడు పెద్దవాడై వేరే దేశం వెళ్తానన్న రోజున నేనూ అలాగే గచ్చు వైపు చూశాను.

చర్చి బయట బెంచీ మీద కూర్చుని, గోంగూర పచ్చడి రాసి చుట్టి తెచ్చిన చపాతీలు తిన్నాం. వాసన పక్క బెంచీ దాకా వెళ్లినట్టుంది, ఇద్దరు అమ్మాయిలు తిరిగి చూశారు. చెయ్యి చాచి ఒకటి ఇవ్వబోయాను. మాస్టారు ఆపారు.

మార్కెట్ చౌక్ అంటే ఊరికి గుండెకాయ. మెట్లు మెట్లుగా లేచిన ముక్కోణపు గోడల ఇళ్లు, గుర్రపు బగ్గీలు, మధ్యలో ఇద్దరు మనుషుల విగ్రహం. ఒకాయన కసాయి, ఒకాయన నేతగాడు. 1302లో ఫ్రెంచి వాళ్ల మీద ఊరిని లేపిన వాళ్లు. ఆ ఏడాది మే నెలలో ఒక తెల్లవారుజామున, ఇంటింటా దిగి ఉన్న ఫ్రెంచి వాళ్లను నిద్రలేపి ఒక ఫ్లెమిష్ మాట పలకమన్నారని, నోరు తిరగని వాడిని అక్కడే నరికేశారని చెబుతారు. "ళకారం పలకని వాళ్లను నేను బెంచీ ఎక్కించడమే నయం" అన్నారు మాస్టారు.

ఆ చౌకులోనే బెల్‌ఫ్రీ, గంటల గోపురం. 83 మీటర్ల ఎత్తు, 366 మెట్లు. మేం చేసిన తప్పు ఇక్కడే తెలిసింది. టికెట్ మీద ఎక్కే సమయం వేసి ఇస్తారు, ముందే కొనుక్కోవాలి. మాకు దొరికింది ఒంటిగంటన్నర. అప్పటి దాకా ఏం చేస్తాం? గోపురం ముందు ఆకుపచ్చ బళ్లలో బంగాళాదుంప వేపుళ్లు అమ్ముతున్నారు. నోరూరించే వాసన. మాస్టారు వరసలో నిలబడి, తన వంతు రాగానే నూనె సంగతి అడిగారు. గొడ్డు కొవ్వట. ఈ దేశంలో పాతకాలం నుంచీ అలాగే వేయిస్తారు, రుచి దానిదేనట. ఆ వాసన పీల్చుకుంటూ పక్కకు వచ్చి వాఫుల్స్ తిన్నాం. కోడలి కాగితంలో నాలుగో జాగ్రత్త సరిగ్గా ఇదే. చదవలేదు మేము.

నా మోకాళ్లు నావి. నేను ఎక్కనన్నాను. మాస్టారు ఒక్కరే వెళ్లారు. పైకి పోయేకొద్దీ మెట్లు సన్నబడి, పట్టుకోవడానికి తాడు ఒక్కటే ఉంటుందట. ఎదురుగా దిగేవాళ్లు వస్తే గోడకు బల్లిలా అతుక్కోవాలట. పైన 47 గంటలు, వాటిని మోగించే పెద్ద పీపా చూశారట. అన్నీ 'అట'లే, ఎందుకంటే అదే సమయంలో నేను కింద ఒక లేసు కొట్లో ఉన్నాను.

బ్రూజ్ లేసుకు పేరున్న ఊరని నాకు ముందు తెలియదు. వీధికి నాలుగు కొట్లు, అద్దాల వెనక తెల్లటి గుడ్డలు. నేను పుట్టిన పల్లెలో ఆడపిల్లకు అక్షరాల కంటే ముందు వచ్చేది లేసు. ఏజెంటు దారం తెచ్చి పడేసేవాడు. అమ్మ, అత్త, అక్కలు అరుగు మీద కాళ్లు చాపుకుని, వంగిన సూదితో గొలుసులు వేసి, గొలుసులతో పూలు అల్లేవారు. అది చేతిపని. ఒకరు అల్లిన పూలను ఇంకొకరు కలిపి గుడ్డగా చేస్తే అది అతుకుపని. అయిన దారం లెక్క మీద కూలి. నా పదో తరగతి పరీక్ష ఫీజు అమ్మ అల్లిన పూలలోంచే వచ్చింది. పెళ్లయ్యాక నేను సూది పట్టలేదు. జీతం రాళ్లు వచ్చే ఇంటికి వచ్చాను కదా.

ఆ కొట్లో ఒక గుండ్రటి గుడ్డ తీసి, అలవాటుగా వెనక్కి తిప్పి చూశాను. లేసు మంచి చెడ్డలు వెనక వైపే తెలుస్తాయి. మా సూది పనే! అవే గొలుసులు, అవే కంతలు. ఎక్కడ అల్లారో దాని మీద రాసి లేదు. "ఇది బ్రూజ్‌దేనా?" అని నాకొచ్చిన ఇంగ్లిషులో అడిగాను. కౌంటర్ దగ్గరి అమ్మాయి అబద్ధం చెప్పలేదు. తల అడ్డంగా ఊపి, చేత్తో చేసే బ్రూజ్ లేసు చూడాలంటే కాంట్‌సెంట్రుమ్ అనే లేసు కేంద్రానికి వెళ్లండి, మధ్యాహ్నం పూట చేసి చూపిస్తారు, అని పటం మీద చుక్క పెట్టి ఇచ్చింది.

మాస్టారు చెమటలు కక్కుతూ, గెలిచిన మొహంతో దిగి వచ్చారు. ఇక పడవ ఎక్కాలి, అది ఆయన ప్రణాళిక. పడవల రేవు దగ్గర వరస చూస్తే గంట పట్టేలా ఉంది. "పడవ వద్దండీ. అక్కడికి వెళ్దాం" అని పటం చూపించాను. "బ్రూజ్ వచ్చి పడవ ఎక్కకపోతే నలుగురూ నవ్వుతారు" అన్నారు. గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని, పడవలు చూడలేదా అన్నాను. ఇంత ఖచ్చితంగా నేను ఏదైనా అడిగి చాలా ఏళ్లయింది. ఆయన పటం తీసుకుని ముందు నడిచారు.

పావుగంట దారిని అరగంట చేశాం. జనం పలచబడ్డారు, కొట్లు ఆగిపోయాయి, ఇళ్లు పొట్టివయ్యాయి. సెయింట్ ఆన్ పేట అంటారు. రెండుసార్లు ఒకే మూలకు వచ్చాక, జెరూసలేం చర్చి వింత గోపురం కనబడి బయటపడ్డాం. లేసు కేంద్రం ఆ పక్కనే. కన్యాస్త్రీలు నడిపిన పాత లేసు బడి అది. కింద మ్యూజియం. పందొమ్మిదో శతాబ్దంలో ఈ ఊరు ఎంత దరిద్రంలో ఉందో, ఆడపిల్లలు లేసు బడుల్లో ఎలా కూర్చునేవారో అక్కడ తెలుస్తుంది. వర్తకుల కథలు పొద్దుటి నుంచీ వింటున్నాను. మా అమ్మ కథ ఇక్కడుంది.

పైగదిలో ఏడెనిమిది మంది ఆడవాళ్లు, ఎక్కువ మంది నా వయసు వాళ్లే, ఒళ్లో దిండ్లు పెట్టుకుని కూర్చున్నారు. గదంతా టకటకమని చప్పుడు, ఎక్కడో దూరంగా కోలాటం ఆడుతున్నట్టు. దిండు మీద చిల్లులు పొడిచిన అట్ట, చిల్లుల్లో గుండుసూదులు, వాటి నుంచి వేలాడే దారాలు. ప్రతి దారం చివరా సన్నటి చెక్క పుల్ల, మన నేతవాళ్ల కండెలాగా. ఇలాంటివి ఒక్కో దిండు మీద నలభై దాకా ఉన్నాయి. చేసేవి రెండే పనులు. ఒక దారాన్ని ఇంకోదాని మీదుగా దాటించడం, మెలి పెట్టడం. జత తరవాత జత. చూడగా చూడగా తెలిసింది, ఇది జడకోలాటం! పైనుంచి వేలాడే తాళ్లు పట్టుకుని పిల్లలు ఒకరినొకరు దాటుకుంటూ తిరిగితే జడ పడుతుంది చూడండి, అదే. ఇక్కడ ఆడేది వేళ్లు.

కిటికీ పక్కన కూర్చున్న ఆవిడ దగ్గర నిలబడిపోయాను. డెబ్బై దాటి ఉంటాయి, జుట్టంతా తెలుపు. ఒక పువ్వు అల్లుతోంది. రేకు చుట్టి వచ్చి, మొదలు పెట్టిన చోటికి చేరాక ఆగింది. పక్కన పెట్టుకున్న సన్నటి పరికరం తీసి, అంచులోని కన్నంలోకి దూర్చి, దారాన్ని ఉచ్చులా పైకి లాగి, అందులోంచి ఇంకో పుల్లను దాటించి బిగించింది. పరికరం కొస వంగి ఉంది. అది మా సూదే. వెంట్రుకంత సన్నం, అంతే తేడా.

"అతుకుపని!" అన్నాను, పైకే, తెలుగులోనే.

ఆవిడ తలెత్తింది. మాస్టారు అందుకున్నారు. తన ఇంగ్లిషులో చెప్పారు, ఈవిడ కూడా లేసు అల్లేది, మా దగ్గరా ఆ పనే, స్కాట్లండ్ మిషనరీలు 1844 ప్రాంతంలో నేర్పారంటారు, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, అని ఫోనులో నరసాపురం లేసు బొమ్మలు వెతికి చూపించారు. ఆవిడ కళ్లద్దాలు పైకి నెట్టి బొమ్మలు పెద్దవి చేసి చూసింది. ఫోను తిరిగిచ్చేసి, ఏమీ అనకుండా, ఒక దారపు ముక్కా ఆ సూదీ నా చేతిలో పెట్టింది.

ముప్పై ఎనిమిదేళ్లు. చెయ్యి మరిచిపోయి ఉంటుందనుకున్నాను. దారం చూపుడు వేలి మీదికి దానంతట అదే ఎక్కింది. కానీ సూది మరీ సన్నం, దారం ఇంకా సన్నం, నా కళ్లద్దాలు చాలలేదు. మొదటి ముడి రెండుసార్లు జారింది. మూడోసారి పడింది. ఒక గొలుసు, రెండు, మూడు... ఏడో గొలుసు దగ్గర దారం అయిపోయింది. ఆవిడ ఆ ముక్కను తీసుకుని, వెనక్కి తిప్పి చూసింది. అప్పుడు నాకు నవ్వొచ్చింది, ఆవిడకూ వచ్చింది. ముక్క నాకే ఇచ్చేసి మళ్లీ పుల్లలు కదపసాగింది.

ఐదింటికి తలుపులు మూస్తారు. స్టేషన్ దాకా నడిచే ఓపిక లేక బస్సెక్కాం. బస్సు కాలువ దాటుతుంటే పడవలు కనబడ్డాయి. మాస్టారు తల అటు తిప్పి, ఏమీ అనలేదు. మేం వెళ్లేసరికి రైలు కదిలిపోయింది. అరగంటలోపే ఇంకోటి వచ్చింది. ఈసారి తలుపు మీద అంకె చూసి ఎక్కాం.

కూర్చోగానే ఆయన జేబు పుస్తకం తీశారు. రోజంతా రాసుకున్నవి ఉన్నాయి అందులో: 1134, 1245, 1302, 83 మీటర్లు, 366 మెట్లు, 47 గంటలు. కింద కొత్త గీత గీసి, "ఆ మాట ఏమిటన్నావు అక్కడ?" అని అడిగారు.

"అతుకుపని."

రాసుకున్నారు. "ఇంకోటి ఏదో ఉండాలి కదా, దీనికి ముందు చేసేది?"

"చేతిపని. పూలు అల్లడం."

అదీ రాసుకున్నారు. "రోజుకు ఎన్ని పూలు అల్లేవారు మీ అమ్మగారు?"

పెళ్లయిన ముప్పై ఎనిమిదేళ్లలో ఆయన ఇది అడగడం ఇదే మొదలు. వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాను. వంట, గేదెలు, పిల్లలు పోను, దీపం పెట్టాక అల్లినవి వేరు... గెంట్ వచ్చినా లెక్క తేలలేదు.